ట్యాంకుల్లో పండే మందులు



గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో యాభై దాటినవాళ్లను కదిపితే చాలు, కుక్కకాటు సూదుల సంగతి ఏకరువు పెడతారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు, రోజుకొకటి. పిల్లవాణ్ణి ఇద్దరు ముగ్గురు అదిమి పట్టుకుంటే తప్ప సూది వేయడం కుదిరేది కాదు. నొప్పికి ఓర్చలేక సగంలో మానేసినవాళ్లూ ఉన్నారు.

ఆ మందు గొర్రె మెదడులోంచి వచ్చేది. రేబిస్ వైరస్‌ను గొర్రె మెదడుకు ఎక్కించి పెంచేవారు. తర్వాత ఆ మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి సీసాల్లో నింపేవారు. కసౌలిలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన పద్ధతి ఇది. టీకాతోపాటు గొర్రె మెదడు పదార్థం కూడా ఒంట్లోకి పోయేది కాబట్టి కొందరికి దానివల్లే కాళ్లూ చేతులూ పడిపోయేవి. అయినా వేయించుకోక తప్పేది కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించగల మందు లేదు. మన దేశంలో ఈ గొర్రె మెదడు టీకాకు 2005 నాటికి పూర్తిగా స్వస్తి చెప్పారు.

ఇప్పుడు కుక్క కరిచి గుడివాడ ఏరియా ఆసుపత్రికి వెళితే చేతికి సన్నటి సూదితో వేసి పంపిస్తారు. నాలుగైదు సార్లు వెళ్లొస్తే సరిపోతుంది. ఇందులో ఉండేదీ చంపిన రేబిస్ వైరసే. అది పెరిగిన చోటు మాత్రం మారింది. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యసుమురా అనే శాస్త్రవేత్త ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి కొన్ని కణాలు తీసి గాజు పాత్రలో పెంచారు. మామూలుగా అలా తీసిన కణాలు కొన్నాళ్లకు చచ్చిపోతాయి. ఇవి చావలేదు. ఒకటి రెండై, రెండు నాలుగై, అరవై ఏళ్లు దాటినా పెరుగుతూనే ఉన్నాయి. వాటినే వీరో కణాలంటారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ‘అభయ్‌రాబ్’ పేరుతో చేసే రేబిస్ టీకా ఈ కణాల్లో పెరిగిందే. ఆ సంస్థ జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలికి చెందినది. పల్లెల్లో పాల సేకరణను ఒక ఉద్యమంగా నడిపించిన మండలే పల్లె జనాన్ని పిచ్చికుక్కల బారి నుంచి కాపాడే టీకాకూ పూనుకోవడం సంతోషించదగ్గ విషయం.

ఇలా ప్రాణమున్న కణాల చేత చేయించే మందులకూ, మనం రోజూ మింగే మాత్రలకూ పుట్టుకలోనే తేడా ఉంది. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ అణువులో ఉండేవి మొత్తం 20 పరమాణువులు. నాలుగు రసాయనాలు కలిపి, వేడిచేసి, చల్లార్చి దాన్ని తయారుచేయొచ్చు. ఇన్సులిన్ అణువులో 788 పరమాణువులుంటాయి. కేన్సర్‌కు వాడే ప్రతిరక్షకాల్లో (యాంటీబాడీల్లో) అవి దాదాపు ఇరవై వేలు. అంత పెద్ద అణువును, ఒక్క మడత కూడా తప్పకుండా, రసాయనాలతో కట్టుకుంటూ పోవడం అయ్యే పని కాదు. ఆ విద్య కణానికే తెలుసు.

సూక్ష్మజీవులు తమంతట తాము చేసే మందును మనిషి తీసుకుని వాడుకోవడం పాత సంగతే. కొల్లేటికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆ రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త అక్కడ మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఆ బాక్టీరియాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. తన బతుకు కోసం అది చేసుకునే పదార్థం మనకు మందుగా పనికొచ్చింది, అంతే.

నేర్పడం మొదలైంది 1970ల్లో.

అంతకుముందు ఇన్సులిన్ పశువుల, పందుల క్లోమాల నుంచి వచ్చేది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని కనిపెట్టిన నాటి నుంచీ కసాయి శాలలే దానికి ఆధారం. పావు కిలో కన్నా తక్కువ ఇన్సులిన్ కోసం రెండు టన్నులకు పైగా పంది క్లోమాలు కావాల్సి వచ్చేవి. పైగా అది అచ్చం మనిషి ఇన్సులిన్ కాదు, కొందరి ఒంటికి పడేది కాదు. 1978లో అమెరికాలోని జెనెన్‌టెక్, సిటీ ఆఫ్ హోప్ శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువును ఈ కోలై అనే బాక్టీరియాలో చొప్పించారు. మన పేగుల్లో ఉండే బాక్టీరియానే అది. దానికి ఇన్సులిన్‌తో పని లేదు. అయినా జన్యువులో ఎలా రాసి ఉంటే అలా చేసిపెట్టింది. 1982లో ఈ ఇన్సులిన్ మార్కెట్‌లోకి వచ్చింది. జన్యువు మార్చిన జీవి చేత చేయించి మనుషులకు ఇచ్చిన తొలి మందు అదే.

ఇలాంటి మందుల ఫ్యాక్టరీలో పని ఎలా నడుస్తుందో తెలుసుకోవడం గుడివాడ, కైకలూరు, మచిలీపట్నం ప్రాంతాల చెరువుల రైతులకు చాలా తేలిక. వనామి రొయ్యల చెరువు మీద రైతు దేనికి కాపలా కాస్తాడో, స్టీలు ట్యాంకు దగ్గర ఇంజినీరూ దానికే కాపలా కాస్తాడు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, పీహెచ్ ఎంత, వేడి ఎంత, మేత ఎక్కువైందా తక్కువైందా. చెరువులో ఏరేటర్లు తిరిగినట్టే ట్యాంకులో రెక్కలు తిరుగుతూ గాలిని నీళ్లలో కలుపుతుంటాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. ట్యాంకులో ఆక్సిజన్ పడిపోతే కణాలు చస్తాయి, లేదంటే మందును సరిగ్గా చేయవు. రెండు చోట్లా రాత్రి కాపలా తప్పదు. కరెంటు పోతే జనరేటరు వెంటనే అందుకోవాల్సిందే.

వైరస్ భయమూ రెండు చోట్లా ఒకటే. తెల్లమచ్చ తెగులు వచ్చిన చెరువు ఎలా నిలువునా పోతుందో ఇక్కడి రైతులకు చెప్పక్కర్లేదు. 2009లో అమెరికాలోని జెంజైమ్ కంపెనీ ట్యాంకుల్లోకి వెసివైరస్ అనే వైరస్ చొరబడింది. మనుషులకు హాని చేసేది కాదు కానీ కణాల ఎదుగుదలను దెబ్బతీసింది. ఫ్యాక్టరీ ఆపి మొత్తం కడిగి శుభ్రం చేయాల్సి వచ్చింది. అక్కడ తయారయ్యే మందు మీదే ఆధారపడిన గోషే అనే అరుదైన జబ్బు రోగులు ప్రపంచమంతటా నెలల తరబడి కొరతతో అల్లాడారు. ఈ మందుల ధర ఎందుకంత ఎక్కువ అని అడిగేవారికి సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం జవాబు హైదరాబాద్‌లో దొరుకుతుంది.

హెపటైటిస్-బి కాలేయాన్ని తినేసే జబ్బు. రక్తం ద్వారా, సరిగ్గా మరగబెట్టని సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దానంతటదే తగ్గిపోతుంది. పురిట్లో సోకిన పిల్లల్లో మాత్రం నూటికి తొంభై మందిలో వైరస్ జీవితాంతం తిష్ఠ వేస్తుంది. వాళ్లలో కొందరు నడివయసులో, ఇల్లు నిలబెట్టాల్సిన రోజుల్లో, కాలేయం గట్టిపడో కేన్సర్ వచ్చో పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క ప్రకారం మన దేశంలో ఈ వైరస్‌తో బతుకుతున్నవారు దాదాపు 3 కోట్లు. మొదట్లో దీనికి టీకా చేయాలంటే ఆ వైరస్ ఉన్నవారి రక్తమే సేకరించాల్సి వచ్చేది. 1986లో ఈస్ట్ కణాల చేత చేయించిన టీకా అమెరికాలో వచ్చింది. అది మన దేశానికి దిగుమతయ్యేసరికి డోసు ఏడెనిమిది వందల రూపాయలు పలికింది. ఒకరికి మూడు డోసులు కావాలి. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే ఆ రోజుల్లో చిన్న గుమాస్తాకు నాలుగైదు నెలల జీతం.

నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో 1948లో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి డాక్టరు కాదు, జీవశాస్త్రం చదివినవారూ కాదు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. రక్షణ పరిశోధన సంస్థలో పనిచేశారు, తర్వాత బ్యాటరీల కంపెనీలో భాగస్వామిగా ఉన్నారు. 1992లో జెనీవాలో టీకాల మీద జరిగిన సమావేశానికి వెళ్లినప్పుడు ఈ జబ్బు గురించీ, టీకా గురించీ విన్నారు. ఆ పరిజ్ఞానం కొనుక్కుందామని ఒక విదేశీ కంపెనీని అడిగితే, ఇంత ధర మీవాళ్లు పెట్టలేరు, పెట్టినా ఈ విద్య మీకు అబ్బదు అన్న ధోరణిలో జవాబొచ్చింది. ఆ మాట తనకు ఎంత గుచ్చుకుందో ఆయన తర్వాతి రోజుల్లో చాలా సభల్లో చెప్పారు.

1993లో తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. బ్యాంకులు ముందుకు రాలేదు. అంతకు ముందు ఇలాంటి టీకాను మన దేశంలో ఎవరూ చేయలేదు, దేన్ని చూసి అప్పివ్వాలి? ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడితో ఆదుకున్నారు. పని మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల సీసీఎంబీలో సాగింది. ఎదిగి వచ్చే కంపెనీకి ప్రభుత్వ ప్రయోగశాల చోటిచ్చిందన్న ఈ సంగతికి చెప్పుకోవలసినంత పేరు రాలేదు. సీసీఎంబీ లేకపోతే ఆ టీకా అంత త్వరగా వచ్చేది కాదు.

వాళ్లు ఎంచుకున్న జీవి పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్. దీనికి ఒక విచిత్రమైన గుణముంది. మనుషులకు విషమైన మిథనాల్‌ను తిని బతకగలదు. మొదట ట్యాంకులో గ్లిసరాల్ మేతగా వేసి దాన్ని బాగా పెంచుతారు. ట్యాంకంతా చిక్కటి అంబలిలా తయారయ్యాక గ్లిసరాల్ ఆపి, చుక్క చుక్కగా మిథనాల్ వదులుతారు. మిథనాల్ తగలగానే దాన్ని జీర్ణం చేసుకునే జన్యువు మేల్కొంటుంది. ఆ జన్యువు మీటకే హెపటైటిస్-బి వైరస్ పైపొరను చేసే జన్యువును ముందుగానే తగిలించి ఉంచుతారు. దాంతో ఈస్ట్ తన మేత కోసం చేసుకునే పనితోపాటు టీకాకు కావాల్సిన పదార్థాన్నీ కుప్పలుగా తయారుచేస్తుంది. అక్కడ వైరస్ లేదు, దాని పైపొర ఒక్కటే ఉంది. కాబట్టి ఈ టీకావల్ల జబ్బు వచ్చే ప్రశ్నే లేదు. తర్వాత ఈస్ట్ కణాలను పగలగొట్టి, వాటి చెత్తనంతా వదిలించి, కావాల్సినదాన్ని మాత్రం వడగట్టి తీస్తారు. ఖర్చంతా, ఓపికంతా ఈ వడగట్టడంలోనే ఉంటుంది. ఇంతా చేసి చంటిబిడ్డకు వేసే డోసులో ఉండేది 10 మైక్రోగ్రాములు. గ్రాములో లక్షో వంతు.

1997 ఆగస్టులో ‘శాన్‌వాక్-బి’ బయటికొచ్చింది. ధర యాభై రూపాయల దరిదాపుల్లో. దిగుమతి టీకాల ధరలు చూస్తుండగానే దిగివచ్చాయి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాకు గుర్తింపునిచ్చింది. దాంతో యూనిసెఫ్ ద్వారా ఇతర పేద దేశాల పిల్లలకూ అందింది. 2005లో వరప్రసాదరెడ్డికి పద్మభూషణ్ వచ్చింది. 2009లో కంపెనీ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది శాంతా చేస్తున్న అయిదు జబ్బుల టీకా సీసాల్లో తెల్లటి మడ్డి కనబడి, వాటిని వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. ఆ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు మళ్లీ తెచ్చుకునేసరికి 2014 అయింది. జీవకణాలతో చేసే మందులో ఎంత అనుభవమున్నా ఏమరుపాటు పనికిరాదని ఆ నాలుగేళ్లు చెబుతున్నాయి.

హెపటైటిస్-బి టీకా మన దేశంలో 2011-12 నాటికి అన్ని రాష్ట్రాల ఉచిత టీకాల పట్టికలో చేరింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు ఒక డోసు ఆసుపత్రిలోనే వేస్తారు. తర్వాత ఆరు, పది, పద్నాలుగో వారాల్లో వేసే అయిదు జబ్బుల టీకా పెంటావాలెంట్‌లోనూ అది కలిసే ఉంటుంది. ఆ మొదటి రోజు డోసే ప్రాణం. గుడివాడలోనైనా, బందరులోనైనా కాన్పయిన ఇంటివాళ్లు బిడ్డ బరువెంత అని అడిగినట్టే ఈ సూది పడిందా అని కూడా అడిగి తెలుసుకోవాలి.

పికియా ఈస్ట్‌తో హైదరాబాద్ బంధం అక్కడితో ఆగలేదు. 1953లో మొదలైన బయలాజికల్-ఇ సంస్థ కోవిడ్ రోజుల్లో ‘కోర్బెవాక్స్’ను దాంతోనే చేసింది. 2022 మార్చిలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వేసింది ఆ టీకానే. భారత్ బయోటెక్ వీరో కణాల్లో పెంచిన రోటావైరస్ టీకాను 2016లో ఉచిత టీకాల్లో చేర్చినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. చంటిపిల్లల విరేచనాలకు అది గట్టి అడ్డు.

ఈస్ట్‌కూ, బాక్టీరియాకూ చేతకాని మందులు కొన్ని ఉన్నాయి. వాటికి చైనా హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు అండాశయం నుంచి 1957లో తీసిన కణాలు కావాలి. వాటిని సీహెచ్‌ఓ కణాలంటారు. డయాలసిస్ చేయించుకునేవారికి రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ వీటిలో తయారయ్యేదే. ఉద్దానంలోనూ, ఎ.కొండూరు తండాల్లోనూ కిడ్నీలు పాడైన ఇళ్లకు ఈ ఇంజెక్షన్ విలువ బాగా తెలుసు. ఇది రాకముందు డయాలసిస్ రోగులకు పదే పదే రక్తం ఎక్కించాల్సి వచ్చేది. కృష్ణ ఒడ్డునే ఉన్న తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట్లో పుట్టిన కల్లం అంజిరెడ్డి పెట్టిన డాక్టర్ రెడ్డీస్ 2007లో ‘రెడిటక్స్’ తెచ్చింది. లింఫోమా అనే రక్తసంబంధ కేన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌కు అది సరిజోడు మందు. అసలు కంపెనీ మందుకు దాదాపు సగం ధరకే వచ్చింది. సగం ధర కూడా సామాన్యుడికి మోయలేని భారమే, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఇల్లు అమ్ముకోవడానికీ, అప్పు చేసి తీర్చుకోగలగడానికీ ఉన్న తేడా చిన్నది కాదు.

ఫ్యాక్టరీ గేటు దాటాక ఈ మందులకు అసలు పరీక్ష మొదలవుతుంది. ప్రొటీన్ మడత వేడికి విప్పుకుంటుంది. గడ్డకడితే ఇన్సులినూ, హెపటైటిస్-బి టీకా కూడా పాడైపోతాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. డెల్టాలో రోహిణి కార్తెలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో నాగాయలంక వైపు టీకా పెట్టె మోసుకెళ్లే ఏఎన్ఎం చేసే పని ఒకటి చూడదగ్గది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను వెంటనే పెట్టెలో పెట్టదు. వాటిని బల్ల మీద పరిచి ఆగుతుంది. కాసేపటికి ఒకటి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూస్తుంది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే పెట్టెలో సర్దుతుంది. రాయిలా గడ్డకట్టినవాటిని అలాగే పెడితే వాటిని ఆనుకున్న టీకా సీసా గడ్డకడుతుంది. అలా పాడైన టీకా వేసినా బిడ్డకు రక్షణ రాదు, పైకి ఏమీ తెలియదు కూడా. ఎదురుమొండి లాంటి దీవులకైతే ఆ పెట్టెతో కృష్ణ పాయ మీద పంటు ఎక్కాలి. ఈ టీకాల చరిత్ర రాసేవాళ్లు కంపెనీల పేర్లతోపాటు వీళ్ల పనినీ రాయాలి.

ఇన్సులిన్ తీసుకునేవారి విషయంలో జాగ్రత్త ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంది. గుడివాడలో మందుల షాపులో కొని ముదినేపల్లి బస్సెక్కేవారు ఐస్ ముక్కలు నేరుగా సీసాకు తగలకుండా గుడ్డ చుట్టి తెచ్చుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే డీప్ ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో పెట్టాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగించి వాడకూడదు. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో, సీసాకు నీళ్లు తగలకుండా పెట్టుకుంటే ఎండాకాలంలో కొంత మేలు.

ఇక దివిసీమ సంగతి. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రాంతంలో వరసగా పాముకాట్లు జరిగి జనం పొలాలకు వెళ్లడానికి భయపడ్డారు. మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. పాముకాటుకు వాడే మందు ఇప్పటికీ గుర్రం రక్తంలోంచే వస్తుంది. గుర్రానికి విషాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కిస్తారు. దాని ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను రక్తం నుంచి వేరుచేసి పొడిగా మార్చి సీసాల్లో నింపుతారు. ఆ విషంలో చాలా భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులర్ల సహకార సంఘం 1978 నుంచి సేకరిస్తున్నదే. ఒక చోటి పాము విషానికీ, మరో చోటి పాము విషానికీ తేడా ఉంటుంది గనుక, తమిళనాడు పాముల విషంతో చేసిన మందు అన్ని ప్రాంతాల్లో ఒకేలా పనిచేయకపోవచ్చని పరిశోధకులు చెబుతున్నారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ బరువు ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

గుర్రం లేకుండా కణాల చేతే ఈ మందు చేయించే ప్రయత్నాలు సాగుతున్నాయి. బెంగళూరు ఐఐఎస్సీలో కార్తీక్ సునగర్ బృందం అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థతో కలిసి 2024లో ఒక కృత్రిమ మానవ ప్రతిరక్షకాన్ని ప్రకటించింది. కట్లపాము, తాచు జాతుల విషాల్లోని ఒక రకం నరాల విషాన్ని అది ఎలుకల్లో అడ్డుకుంది. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దశలున్నాయి. పైగా నాట్ల వేళ రైతు కాలి కింద పడే రక్తపింజర విషం వేరు. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒక్క ప్రతిరక్షకంతో అది లొంగదు. కాబట్టి ఇప్పటికి దివిసీమకు దిక్కు గుర్రం ఇచ్చిన ఆ పొడి మందే. పొడి కాబట్టి ఫ్రిజ్ లేని చోట కూడా ఉంచొచ్చు. కాటు పడ్డ మనిషికి మొదటి విడతలోనే పది సీసాల దాకా పట్టొచ్చు. ఒక సీసా ఉంచి మందు ఉందని చెప్పుకుంటే లాభం లేదు. జూలైలో నారు పీకకముందే నాగాయలంక, కోడూరు, మోపిదేవి వైపు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనీసం ఇద్దరికి సరిపడా సీసాలు చేరాలి. వాటిని ఎక్కించడం తెలిసిన డాక్టరు రాత్రిపూట కూడా అక్కడ ఉండాలి.